అరవైల లెక్కలో ఆరితేరిన జంషీద్ అల్ కాషీ

గోడ మీది గడియారం వంక ఒక్కసారి చూడండి. గంటకు అరవై నిమిషాలు, నిమిషానికి అరవై సెకన్లు. నూరు కాదు, అరవై! పంచాంగం తెరిచినా అంతే. రోజుకు 60 గడియలు, గడియకు 60 విగడియలు. తెలుగు సంవత్సరాల పేర్లు ప్రభవ మొదలు అక్షయ దాకా 60. రూపాయికి నూరు పైసలని లెక్కపెట్టుకునే మనమే, చేతికి కట్టుకున్న గడియారంలో మాత్రం అరవైల లెక్కను మోసుకు తిరుగుతున్నాము. కాని ఆ సంగతి మనకు గుర్తుకే రాదు.

ఈ అరవైల లెక్కను చివరంటా తెలుసుకొని, దానితో లోకం అంతకుముందు ఎరుగని లెక్కలు కట్టి, ఆ ఫలితాలను మామూలు మనిషికి కూడా అందేలా పదుల లెక్కలోకి మార్చి ఇచ్చిన మహనీయుడు ఒకరున్నారు. ఆయన పేరు గియాసుద్దీన్ జంషీద్ అల్ కాషీ. ఆయన కన్ను మూసి ఆరు వందల సంవత్సరాలు కావస్తున్నది. సొసైటీ సభ్యుల పిల్లలు స్కూళ్లలో, కాలేజీల్లో లెక్కల పేరు చెబితేనే బెదిరిపోతున్న ఈ రోజుల్లో, ఈ పెద్దాయన జీవితాన్ని మీ ముందు పెట్టడం అవసరమని మేము తలచాము. మధ్యలో కాస్త లెక్క కూడా వస్తుంది. భయపడవలసిన పనేమీ లేదు. కూడికలు, గుణకారాలు తెలిస్తే చాలు.

కాషాన్ నుంచి బయలుదేరిన జీవితం

ఇరాన్ దేశంలో కాషాన్ అనే పట్టణం ఉన్నది. అక్కడ సుమారు 1380 ప్రాంతంలో జంషీద్ పుట్టారు. ఊరి పేరే ఆయన ఇంటి పేరయింది. కాషాన్ వాడు కనుక కాషీ. అవి తైమూరు దండయాత్రల రోజులు. ఊళ్లు తగలబడడం, సుల్తానులు మారిపోవడం, జనం వలస పోవడం మామూలు సంగతులు. 1405లో తైమూరు చనిపోయాక, ఆయన కొడుకు షారుఖ్ పాలనలో దేశం కొంత కుదుటపడింది.

జంషీద్ మొదట వైద్యం చేసేవారు. మనసు మాత్రం లెక్కల మీద, నక్షత్రాల మీద ఉండేది. చాలాకాలం లేమిలోనే గడిచింది. ఊరూరా తిరిగారు. అయినా చదువు వదలలేదు. 1406 జూన్ 2వ తేదీ రాత్రి కాషాన్‌లో చంద్రగ్రహణాన్ని పరిశీలించి రాసి పెట్టుకున్నారు. తేదీతో సహా ఆయన జీవితంలో మనకు తెలిసిన మొదటి ఘట్టం అదే. మరుసటి సంవత్సరం 1407లో సుల్లముస్సమా అనే పుస్తకం పూర్తి చేశారు. ఆకాశానికి నిచ్చెన అని దాని అర్థం. సూర్యచంద్రుల దూరాలు, వాటి పరిమాణాలు అందులోని విషయం. ఆ తరువాత నసీరుద్దీన్ తూసీ మరాగా వేధశాలలో తయారు చేయించిన పాత ఖగోళ పట్టికలను సరిదిద్ది, 1413-14లో ఖాఖానీ జీజ్ అనే గ్రంథం రాశారు. జీజ్ అంటే గ్రహాల స్థానాలు లెక్కగట్టే పట్టికల పుస్తకం. దానిని సమర్కందు ఏలుతున్న యువరాజు ఉలూగ్ బేగ్‌కు అంకితమిచ్చారు. ఈయన తైమూరుకు మనుమడు, షారుఖ్‌కు కొడుకు. 1416లో ఆకాశ పరికరాల మీద ఒక చిన్న గ్రంథం, గ్రహాల స్థానాలను లెక్క వేయకుండానే చూపించే ఒక యంత్రాన్ని గురించి మరో గ్రంథం రాశారు. ఆ యంత్రం ఆయన సొంత కల్పన.

ఈ పట్టికలన్నీ అరవైల లెక్కలోనే ఉండేవి. ఆయన జీవితకాలపు పనిముట్టు అదే కాబట్టి, ముందుకు పోయే ముందు అదేమిటో తెలుసుకుందాం.

786ను అరవైల్లో రాస్తే

నాలుగు వేల ఏళ్ల క్రితం, ఇప్పటి ఇరాక్ నేల మీద, బాబిలోనియా లేఖకులు తడి మట్టి పలకల మీద అరవైల పద్ధతిలో లెక్కలు రాశారు. వారి నుంచి అది గ్రీకు ఖగోళజ్ఞులకు, వారి నుంచి బగ్దాదు పండితులకు చేరింది. మరోవైపు మన హిందూదేశంలో పుట్టిన పదుల లెక్క, అంటే తొమ్మిది అంకెలూ ఒక సున్నా, తొమ్మిదో శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ గ్రంథం ద్వారా అరబ్బు దేశాల్లో వ్యాపించింది. వారు వాటిని హిందీ అంకెలనే పిలిచారు. ఇలా రెండు లెక్కలూ పక్కపక్కనే నడిచాయి. అంగడిలో పదులు, వేధశాలలో అరవైలు. ఈ రెండో దానికి హిసాబుల్ మునజ్జిమీన్, అనగా ఖగోళజ్ఞుల లెక్క అని పేరు.

పదుల లెక్కలో కుడి నుంచి ఎడమకు ఒకట్లు, పదులు, నూర్లు. అరవైల లెక్కలో ఒకట్లు, అరవైలు, మూడు వేల ఆరువందలు. అంతే తేడా. ఒక్కో స్థానంలో 0 నుంచి 59 దాకా ఏదైనా ఉండవచ్చు.

మనందరికీ తెలిసిన 786నే తీసుకుందాం. అబ్జద్ లెక్కలో బిస్మిల్లా అక్షరాలన్నీ కూడితే వచ్చే సంఖ్య అది. ఖగోళజ్ఞులు కూడా తమ పట్టికల్లో అంకెలకు బదులు ఈ అబ్జద్ అక్షరాలనే వాడారు. 59 దాటి పోనవసరం లేదు కనుక వారికి అలిఫ్ నుంచి నూన్ దాకా ఉంటే చాలు, నూన్ విలువ 50. ఇప్పుడు 786లో అరవైలు ఎన్ని? పదమూడు. 13 అరవైలు 780. ఇంకా 6 మిగిలింది. కాబట్టి అరవైల్లో 786ను 13, 6 అని రాస్తారు. అక్షరాల్లో అయితే యే, జీమ్ కలిసి 13, వావ్ 6.

ఇప్పుడు చివరి స్థానాన్ని చూడండి. పదుల్లో రాసిన 786 చివర 6 ఉంది. దాన్ని చూసి ఇది సరిసంఖ్య అని మాత్రం చెప్పగలం, 5తో తెగదని చెప్పగలం. 3తో తెగుతుందా, 4తో తెగుతుందా అంటే చివరి అంకె ఒక్కటీ చాలదు. అరవైల్లోనూ చివర 6 ఉంది. కాని ఇక్కడ ఆ 6ను చూసి, ఇది 2తో, 3తో, 6తో తెగుతుంది, 4తో, 5తో, 10తో తెగదు అని ఒక్కమాటలో తేల్చేయవచ్చు. ఎందుకని? 60ని 2, 3, 4, 5, 6, 10, 12, 15, 20, 30 ఇవన్నీ శేషం లేకుండా భాగిస్తాయి. కాబట్టి పై స్థానాల్లో ఏమున్నా వాటి జోలికి పోనక్కరలేదు. చివరి స్థానాన్ని చూస్తే చాలు. పదిని భాగించేవి 2, 5 మాత్రమే.

భిన్నాల్లోనూ ఇదే సుఖం. ఒకటిలో మూడో వంతు పదుల్లో రాయబోతే 3333 అని ఎంతకీ తెగదు. అరవైల్లో అది చక్కగా 20. గంటలో మూడో వంతు ఇరవై నిమిషాలని చిన్నపిల్లవాడైనా చెబుతాడు గదా! అలాగని అరవై దగ్గర అన్నిటికీ మందు ఉన్నదనుకోకండి. ఏడో వంతు రాస్తే 8, 34, 17, మళ్లీ 8, 34, 17 అని తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. 60లో 7 కారకం కాదు, అదీ కారణం.

ఇందులో తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. 786 మూడుతో తెగడం ఆ సంఖ్య గుణం. ఏ లెక్కలో రాసినా అది మారదు. ఆ గుణం చివరి స్థానంలోనే కనబడడం మాత్రం రాత గుణం. రాత మారితే అదీ మారుతుంది. సంఖ్య వేరు, రాత వేరు అన్న ఈ సంగతి కాషీ పనిలో అడుగడుగునా కనబడుతుంది.

మీజాను

మన చిట్టా పుస్తకాల్లో అడుగున గీత గీసి మొత్తం వేయడాన్ని మీజాను వేయడం అంటాము. ఆ మాటకు అసలు అర్థం త్రాసు. పాత అరబ్బు లెక్కల పుస్తకాల్లో మీజాన్ అంటే, చేసిన లెక్క సరియో కాదో తూచి చూసే పద్ధతి.

ఒక ఉదాహరణ వేద్దాం. నెలకు 786 రూపాయల చొప్పున 25 మంది విద్యార్థులకు స్కాలర్‌షిప్పు ఇచ్చారనుకోండి. మొత్తం 19,650. ఇది సరియేనా? పదుల్లో అయితే 9 త్రాసు. 786 అంకెలు కూడితే 21, మళ్లీ కూడితే 3. 25 అంకెలు కూడితే 7. మూడేడ్లు ఇరవై ఒకటి, కూడితే 3. జవాబు 19,650 అంకెలు కూడినా 21, అంటే 3. త్రాసు సరితూగింది.

ఇప్పుడు గుమాస్తా కంగారులో 19,650 బదులు 19,560 అని రాశాడనుకుందాం. తొంభై రూపాయలు తక్కువ. కాని అంకెలు కూడండి. మళ్లీ 21, మళ్లీ 3! త్రాసు పసిగట్టలేదు. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9తో తెగుతుంది కనుక ఈ త్రాసుకు ఆ తప్పు కనబడదు. పద్దులు రాసేవారికి బాగా అనుభవంలో ఉన్న బెడద ఇది.

అరవైల లెక్కలో త్రాసు 9 కాదు, 59. పదికి తొమ్మిది ఎలాగో, అరవైకి యాభై తొమ్మిది అలాగ. 60ని 59తో భాగిస్తే శేషం 1, 3600ను భాగించినా 1, ఆపై స్థానాలన్నిటికీ 1. కాబట్టి ఒక సంఖ్య స్థానాలన్నీ కూడితే, దాన్ని 59తో భాగించిన శేషమే తేలుతుంది. 786 అంటే 13, 6. కూడితే 19. దాన్ని 25తో గుణిస్తే 475. అరవైల్లో అది 7, 55. కూడితే 62, అంటే 1, 2. కూడితే 3. ఇక జవాబు 19,650ని అరవైల్లో రాస్తే 5, 27, 30. కూడితే 62, మళ్లీ 3. సరిపోయింది. గుమాస్తా తప్పు రాసిన 19,560 అరవైల్లో 5, 26, 0. కూడితే 31. మూడెక్కడ, ముప్పై ఒకటెక్కడ! తప్పు దొరికిపోయింది.

ఇలాగని 59 త్రాసు తప్పే ఎరుగదని కాదు. 5, 27, 30 బదులు 27, 5, 30 అని రాస్తే దానికీ తేడా తెలియదు. త్రాసు తూగకపోతే లెక్క తప్పన్నది ఖాయం. తూగితే మాత్రం బహుశా సరి అని అనుకోవాలే గాని, సరియే అని ప్రమాణం చేయరాదు. అయినా చేతికి వచ్చిన ఏదో ఒక తప్పు తొమ్మిది త్రాసును తప్పించుకునే అవకాశం తొమ్మిదిట ఒకటి, యాభై తొమ్మిది త్రాసునైతే యాభై తొమ్మిదిట ఒకటి. పేజీలకు పేజీలు గుణకారాలు వేసే కాషీ, వాటిని ఈ 59 త్రాసులో తూచి చూసుకున్నారు. అంతటి పండితుడు తన చేతిని తానే నమ్మలేదు చూడండి. ఆయన గొప్పతనంలో ఇది సగం అని మా అభిప్రాయం.

సమర్కందుకు పిలుపు

ఉలూగ్ బేగ్ మామూలు యువరాజు కాడు. 1417లో సమర్కందు నడిబొడ్డున పెద్ద మదరసా కట్టించడం మొదలుపెట్టారు. 1420 నాటికి అది పూర్తయింది. లెక్కలూ, ఖగోళమూ తెలిసినవారిని ఎక్కడెక్కడి నుంచో పిలిపించారు. కాషీకి కూడా పిలుపు వచ్చింది. అప్పటికి ఆయన వయసు నలభై. ఇన్నేళ్ల లేమి ముగిసి, పని చేసుకోవడానికి చోటు దొరికింది.

సమర్కందు నుంచి ఆయన కాషాన్‌లో ఉన్న తండ్రికి పారసీలో జాబులు రాశారు. అదృష్టవశాత్తు అవి ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. అక్కడి పండితులు తనకు చిక్కు ప్రశ్నలు ఇచ్చి పరీక్షించిన సంగతులు, వాటిని తాను ఎలా విప్పిందీ కన్నతండ్రికి సంబరంగా వివరించారు. ఉలూగ్ బేగ్ గుర్రం మీద పోతూ పోతూనే, ఒక పాత తేదీ నాడు సూర్యుడు ఎక్కడ ఉన్నాడో మనసులో లెక్క కట్టిన వైనం కూడా అందులో ఉన్నది. పాలకుడే అంతటి లెక్కల మనిషి అన్నమాట. తన తోటివారిలో ఖాజీ జాదా రూమీని కాషీ గౌరవంతో తలచారు. తక్కిన వారి గురించి అంత మంచి మాట చెప్పలేదు.

దర్బారు మర్యాదలు ఆయనకు అంతగా తెలియవట. కూర్చునే తీరు, మాట్లాడే తీరు కాస్త మోటు. తరువాతి చరిత్రకారులు ఈ సంగతి రాసి, ఆయన విద్య కోసం ఉలూగ్ బేగ్ ఇవన్నీ సహించాడని చెప్పారు.

వెంట్రుక మందం కూడా తప్పరాదని

1424 జూలైలో కాషీ రిసాలతుల్ ముహీతియ్యా అనే గ్రంథం పూర్తి చేశారు. వృత్తం చుట్టుకొలతను గురించిన పుస్తకం అది. చక్రం వ్యాసానికి, దాని చుట్టుకొలతకు మధ్య నిష్పత్తి ఎంత అనే ప్రశ్న పాతదే. మన పిల్లలు 22 బై 7 అని వాడుకుంటారు. అది దగ్గరి విలువే తప్ప సరియైనది కాదు. కాషీకి ముందు ఆర్కిమెడీస్, అబుల్ వఫా, అల్ బిరూనీ వంటి మహామహులు దీన్ని లెక్కించారు. ఆ విలువలతో కాషీ తృప్తి పడలేదు.

ఆయన మొదట వేసుకున్న ప్రశ్న చాలా గొప్పది. ఎంత తప్పు ఉంటే ఫరవాలేదు? దీనికి ఒక హద్దు పెట్టుకున్నారు. భూమి వ్యాసానికి ఆరు లక్షల రెట్లు వ్యాసం గల మహావృత్తం ఉందనుకుందాం. ఆ రోజుల్లో విశ్వం అంచు దాకా వేసిన అంచనా అది. అంత పెద్ద వృత్తం చుట్టుకొలతను తన లెక్కతో కడితే, తేడా గుర్రపు వెంట్రుక మందం కూడా ఉండరాదు. ఈ హద్దు పెట్టుకొని, అందుకు అరవైల్లో ఎన్ని స్థానాలు కావాలో, ఎన్ని మెట్లు ఎక్కాలో ముందే తేల్చుకొని, ఆ తరువాతనే కలం పట్టారు.

పద్ధతి పాతదే. వృత్తం లోపల ఒక బహుభుజి, బయట ఒక బహుభుజి గీసి, భుజాల సంఖ్య పెంచుకుంటూ పోతే, ఆ రెండింటి మధ్య వృత్తం ఇరుక్కుపోతుంది. త్రిభుజంతో మొదలుపెట్టి భుజాలను 28 సార్లు రెట్టింపు చేస్తే ఎన్నవుతాయి? 80 కోట్ల 53 లక్షల 6 వేల 368 భుజాలు! ప్రతి మెట్టులోనూ పొడవాటి అరవైల సంఖ్యకు వర్గమూలం తీయాలి. యంత్రాల్లేవు. కాగితం, కలం, అరవై ఎక్కాల పట్టిక, 59 త్రాసు, అంతే.

ఫలితం ఏమిటంటే, వ్యాసార్ధం ఒకటి అయితే చుట్టుకొలత 6 పూర్ణాలు, ఆ తరువాత అరవైల్లో 16, 59, 28, 1, 34, 51, 46, 14, 50. తొమ్మిది స్థానాలు. ఇంతటితో ఆగితే ఆ విలువ ఖగోళజ్ఞుల దగ్గరనే ఉండిపోయేది. కాషీ దాన్ని పదుల లెక్కలోకి మార్చి 6.2831853071795865 అని కూడా ఇచ్చారు. పదహారు దశాంశ స్థానాలు. ఈనాడు కంప్యూటర్లు చెప్పే విలువతో పోల్చి చూసినా, ఆ పదహారు స్థానాలూ సరిగ్గానే ఉన్నాయి. ఐరోపాలో లుడోల్ఫ్ వాన్ కోయ్‌లెన్ 1596లో 20 స్థానాలు ప్రకటించే దాకా, దాదాపు 170 సంవత్సరాల పాటు దీన్ని మించినవారు లేరు.

రెండు రాతలు ఎందుకు ఇచ్చినట్టు? ఖగోళజ్ఞుల లెక్క తెలియనివారికి కూడా ఉపయోగపడాలని. ఆయన ఉద్దేశం అదే. విలువ ఒకటే, రాతలు రెండు.

లెక్కలకు తాళపుచెవి

ఈ ఉద్దేశం పూర్తిగా పండినది 1427 మార్చిలో పూర్తయిన మిఫ్తాహుల్ హిసాబ్‌లో. లెక్కలకు తాళపుచెవి అని ఆ పేరుకు అర్థం. ఉలూగ్ బేగ్‌కు అంకితమిచ్చిన ఈ గ్రంథంలో అయిదు భాగాలున్నాయి. పూర్ణసంఖ్యలు, భిన్నాలు, ఖగోళజ్ఞుల అరవైల లెక్క, కొలతలు, తెలియని రాశులను కనుక్కోవడం.

ఇది పండితుల కోసం మాత్రమే రాసిన పుస్తకం కాదు. నక్షత్రాలు చూసేవారు, భూమి కొలిచేవారు, ఇళ్లు కట్టే మేస్త్రీలు, దస్త్రాలు రాసే మునిషీలు, వ్యాపారులు, అందరికీ పనికివచ్చేలా రాశారు. మసీదు ద్వారాల పైభాగంలో తేనెపట్టు గదుల్లాగా వేలాడే పనితనం చూస్తాము గదా, దాన్ని ముఖర్నస్ అంటారు. దాని ఉపరితలం ఎంతో ఎలా లెక్కగట్టాలో కూడా ఇందులో ఉంది. ఎంత సామాను పడుతుందో, కూలి ఎంత అవుతుందో మేస్త్రీకి తెలియవద్దూ!

పెద్ద సంఖ్యలకు మూలాలు తీయడం కూడా విడమర్చి చూపారు. 44,240,899,506,197 అనే సంఖ్యకు అయిదవ మూలం 536 అని, 21 మిగులుతుందని అంకె తరువాత అంకె చేసి చూపించారు. 536ను అయిదు సార్లు వేసి గుణించి, 21 కలిపి చూడండి. సరిగ్గా అదే వస్తుంది. సెలవుల్లో పిల్లలకు ఇవ్వదగిన లెక్క.

అరవైల భాగంలో 60 దాకా ఎక్కాల పట్టిక ఇచ్చి, సంఖ్యలను ఒక లెక్క నుంచి మరో లెక్కకు మార్చడం నేర్పారు. పదుల నుంచి అరవైలకు పోవాలంటే 60తో భాగిస్తూ శేషాలు రాసుకోవడమే. ఆ పుస్తకం పూర్తయిన 1427నే తీసుకోండి. 60తో భాగిస్తే 23, శేషం 47. కాబట్టి 23, 47. తిరిగి రావాలంటే 23ను 60తో గుణించి 47 కలపడమే.

అరవైల్లో పూర్ణాలకు, భిన్నాలకు ఒకే పద్ధతి నడుస్తుంది. కుడివైపు పోతే నిమిషాలు, సెకన్లు. ఎడమవైపు పోతే అరవైలు, మూడు వేల ఆరువందలు. ఈ సుఖం పదుల్లో ఎందుకు ఉండరాదని కాషీ ఆలోచించారు. పదోవంతు, నూరోవంతు, వెయ్యోవంతు, వీటికి కూడా అరవైల నిమిషాలు, సెకన్ల మాదిరిగానే పేర్లు పెట్టి, పూర్ణసంఖ్యల లాగానే కూడి, గుణించి, భాగించి చూపారు. ఇప్పుడు మన పిల్లలు చేస్తున్న దశాంశాలు ఇవే. ఈ ఆలోచన మొట్టమొదట ఆయనదే అని మేము అనడం లేదు. 952లో డమాస్కస్‌లో అల్ ఉక్లీదిసీ దశాంశ భిన్నాలను వాడారు. కాని వాటికి ఒక శాస్త్రంగా నియమాలు ఏర్పరచి, అంగడి మనిషి చేతికి అందించే ప్రయత్నం కాషీ చేశారు. ఐరోపాలో సైమన్ స్టెవిన్ దశాంశాల మీద చిన్న పుస్తకం వేసింది 1585లో.

ఆఖరి లెక్క

సమర్కందు వెలుపల గుట్ట మీద ఉలూగ్ బేగ్ వేధశాల నిర్మాణం సాగింది. సుమారు 40 మీటర్ల వ్యాసార్ధం గల రాతి చాపం దానిలోని ప్రధాన పరికరం. ఆ పనిలో కాషీ ముఖ్యుడు. అక్కడ తయారయ్యే పట్టికలకు ఒక్క డిగ్రీ కోణం సైన్ విలువ అత్యంత కచ్చితంగా కావలసి వచ్చింది. మూడు డిగ్రీల సైన్‌ను రేఖాగణితంతో కనుక్కోవచ్చు. దాన్ని మూడు భాగాలు చేయబోతే ఘన సమీకరణం అడ్డు వస్తుంది. కాషీ దాన్ని ఒక కొత్త దారిలో విప్పారు. ఒక ఉజ్జాయింపు విలువ తీసుకొని సమీకరణంలో వేస్తే మరింత మంచి విలువ వస్తుంది. దాన్ని మళ్లీ వేస్తే ఇంకా మంచిది. అలా అరవైల స్థానాలు ఒకదాని తరువాత ఒకటి తేలుతూ వస్తాయి. ఈ విధంగా అరవైల్లో పది స్థానాల దాకా సాధించారు.

ఆ గ్రంథం పూర్తి కాకముందే, హిజ్రీ 832 రంజాన్ 19, అనగా 1429 జూన్ 22న, వేధశాలలోనే జంషీద్ అల్ కాషీ కన్ను మూశారు. వయసు సుమారు యాభై. మిగిలిన పనిని ఖాజీ జాదా రూమీ పూర్తి చేశారు. 1437లో సిద్ధమైన తన జీజ్ ముందుమాటలో ఉలూగ్ బేగ్ ఆయన్ను మెచ్చుకుంటూ స్మరించారు.

1449లో ఉలూగ్ బేగ్ హత్యకు గురయ్యారు. వేధశాల క్రమంగా శిథిలమైపోయింది. సమర్కందును కొంతకాలం ఏలి, ఆ తరువాత మన దేశానికి వచ్చిన బాబరు తన ఆత్మకథలో ఆ మూడంతస్తుల కట్టడాన్ని వర్ణించారు. చివరికి ఆ స్థలం ఎక్కడున్నదో కూడా జనం మరచిపోయారు. 1908లో వ్యాత్కిన్ అనే రష్యన్ పరిశోధకుడు తవ్వించి, భూమి లోపల మిగిలిన రాతి చాపం భాగాన్ని బయటపెట్టాడు. కట్టడం కూలినా విద్య మాత్రం ప్రయాణం చేసింది. సమర్కందులో పనిచేసిన అలీ ఖూష్జీ ద్వారా ఇస్తాంబుల్ చేరింది. ఉలూగ్ బేగ్ పట్టికలు మన దేశానికీ వచ్చాయి. ఢిల్లీ, జైపూరులలో జంతర్ మంతర్‌లు కట్టించిన సవాయి జయసింగు వాటిని అధ్యయనం చేశారు. ఫ్రాన్సు దేశపు బడుల్లో త్రిభుజాల కొసైన్ సూత్రాన్ని ఈనాటికీ అల్ కాషీ సిద్ధాంతం అనే పిలుస్తారు.

ఈ జీవితం నుంచి మనం తీసుకోవలసినవి రెండున్నాయని మాకు తోస్తున్నది. మొదటిది, తెలిసిన విద్యను తెలిసినవారి మధ్యనే ఉంచుకోరాదు. అరవైల్లో సాధించినదాన్ని ఆయన పదుల్లోకి మార్చి, మేస్త్రీకీ మునిషీకీ అందించారు. మన ఇళ్లలో పై చదువులు చదివినవారు, తమకు తెలిసినదాన్ని పక్కింటి పిల్లలకు వారికి అర్థమయ్యే మాటల్లో చెబితే అదే దారిలో నడిచినట్లు. మగపిల్లలకే కాదు, ఆడపిల్లలకు కూడా. రెండోది, ఎంత పండితుడైనా తన లెక్కను తానే తూచుకోవాలి. ఇంటి ఖర్చుల పుస్తకమైనా, పదిమంది చందాలతో నడిచే సొసైటీ పద్దు అయినా, అడుగున మీజాను గీత గీసే ముందు మరోసారి, వీలైతే మరో పద్ధతిలో, సరిచూసుకుందాం. పద్దులో తొంభై రూపాయలు తక్కువ పడితే ఆ నష్టం ఏదో ఒక విద్యార్థి మీదనే పడుతుంది గదా.